ఎర్రగడ్డ దూరం.. ఊళ్లో దిక్కెవరు?

అనంతగిరి: మూడు రాత్రులుగా కంటి మీద కునుకు లేని మనిషి నాలుగో రాత్రి తలుపు తోసుకుని కాలువ గట్టు వైపు పరుగు తీస్తే ఇంటివారు ఎవరిని పిలవాలి? గుండెనొప్పి వస్తే 108 ఉంది. పాము కరిస్తే ఎక్కడికి తీసుకెళ్లాలో ఊరందరికీ తెలుసు. కాన్పు నొప్పులు మొదలైతే ఆశా కార్యకర్త వెంట వస్తుంది. మనసు అదుపు తప్పిన రాత్రి మాత్రం దారులన్నీ మూసుకుపోతాయి. ఇరుగుపొరుగు వచ్చి కాళ్లూ చేతులూ పట్టుకుంటారు. తెలిసిన ఆర్‌ఎంపీ ఒక మత్తు సూది వేస్తాడు. తెల్లవారితే తాయెత్తు కట్టే చోటికి ప్రయాణం. అక్కడా కుదుటపడకపోతే పోలీసు ఠాణా. వైద్యుడి వంతు వచ్చేది అందరి తరువాతే.

సూర్యాపేట జిల్లాలోని అనంతగిరి, 2016 జిల్లాల పునర్విభజనలో ఏర్పడిన కొత్త మండలం. అంతకుముందు ఈ పల్లెలన్నీ కోదాడ మండలంలో భాగం. వరి, మిర్చి, పత్తి పండించే రైతులు, కూలీలే అధికం. మండల కేంద్రం వచ్చింది, కార్యాలయాలు వచ్చాయి. మానసిక వైద్యం విషయంలో మాత్రం పాత జిల్లాలో ఉన్నప్పటి దారే నేటికీ చాలా కుటుంబాలకు దిక్కు. ఆ దారి హైదరాబాద్‌లోని ఎర్రగడ్డకు వెళుతుంది.

మానసిక వైద్యాన్ని ఆసుపత్రి గోడల మధ్య నుంచి జనం మధ్యకు తేవాలని ప్రభుత్వాలు నాలుగు దశాబ్దాలుగా చెబుతున్నాయి. మాత్రలు రాసివ్వడం, సలహాలు చెప్పడం వరకు ఆ మాట కొంత నెరవేరింది. రోగం ఒక్కసారిగా ముదిరే తీవ్ర దశకు వచ్చేసరికే లెక్క తప్పుతోంది. పెద్దాసుపత్రి ‘ఇంట్లో ఉంచి మందులు వాడండి’ అంటోంది. ఇంటి దగ్గర ఆ మందులు అందించేవారు, రాత్రివేళ వచ్చి చూసేవారు లేరు. వైద్యం ఊరికి చేరకముందే రోగి ఊరికి చేరుతున్నాడన్నది ఇక్కడి అసలు సమస్య.

గోడలు దాటిన విధానం

నిజాం కాలంలో మానసిక రోగులను జాల్నాలో ఉంచేవారు. 1953లో ఆ వైద్యశాల ఎర్రగడ్డకు తరలివచ్చింది. ఆరు వందల పడకల ఈ ఆసుపత్రే తెలంగాణ మొత్తానికి ఏకైక ప్రభుత్వ మానసిక వైద్యశాల. ఆదిలాబాద్ అడవుల నుంచి కృష్ణా తీరం దాకా అందరికీ అదే ఆధారం. ‘ఎర్రగడ్డ’ అన్న పేరు కాలక్రమంలో తిట్టుగా మారిపోయింది. పెళ్లి సంబంధాలు మాట్లాడుకునే చోట ఆ పేరు వినబడితే సంబంధం తప్పిపోయినట్లే. ఆ భయంతోనే ఏళ్ల తరబడి రోగాన్ని దాచుకునే కుటుంబాలు పల్లెల్లో కొల్లలు.

1982లో కేంద్రం జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని ప్రకటించింది. బెంగళూరులోని నిమ్హాన్స్ 1985 నుంచి బళ్లారి జిల్లాలో ఒక ప్రయోగం చేసింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు, క్షేత్ర సిబ్బందికి శిక్షణ ఇచ్చి, సామాన్య మానసిక రోగాలతో పాటు మూర్ఛకు సైతం అక్కడే మందులు ఇప్పించింది. అదే నమూనాగా 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. తొలి విడతలో దేశం మొత్తం మీద ఎంపికైన నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి. నేడు ఈ కార్యక్రమం కాగితాల మీద 767 జిల్లాలకు మంజూరై ఉంది. మెదక్‌లో శ్రీకారం చుట్టి మూడు దశాబ్దాలు కావస్తున్నా పక్క జిల్లాల పల్లెల్లో ఆ కార్యక్రమం పేరు విన్నవారే అరుదు.

అనంతగిరి అనగానే రాష్ట్రంలో చాలామందికి గుర్తొచ్చేది వికారాబాద్ కొండలు. నిజాం కాలంలో అక్కడ క్షయ రోగుల కోసం శానిటోరియం వెలసింది. ఊరికి దూరంగా, చల్లని గాలిలో నెలల తరబడి ఉంటే తప్ప క్షయ తగ్గదని ఆనాటి నమ్మకం. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన ఆ నమ్మకాన్ని తారుమారు చేసింది. ఇరుకు ఇళ్లలో ఉంటూ మందులు వాడిన పేదలకూ, శానిటోరియంలో ఉన్నవారికీ ఇంచుమించు సమానంగా నయమైందని 1959లో తేల్చారు. క్షయ వైద్యం ఇంటికి చేరింది అలాగే. అయితే అక్కడ పడక పోయిన చోటికి మాత్ర వచ్చింది. ఆ మాత్ర మింగారో లేదో చూసే మనిషి కూడా వచ్చాడు. మానసిక వైద్యంలో పడకలు పెరగలేదు, ఇంటికి వచ్చే మనిషీ లేడు.

తీవ్ర దశలో జరిగేదేమిటి

స్కిజోఫ్రీనియా, బైపోలార్ వంటి రోగాలు అన్ని రోజులూ ఒకేలా ఉండవు. నెలల తరబడి ప్రశాంతంగా ఉండి, నిద్ర తగ్గడంతో మొదలై కొద్ది రోజుల్లోనే ముదురుతాయి. ఎవరో తనను చంపడానికి వస్తున్నారన్న అనుమానం, చెవిలో మాటలు, పట్టరాని కోపం లేదా అంతులేని ఉత్సాహం కనిపిస్తాయి. కొందరు అన్నం నీళ్లు మానేసి మూగగా కూర్చుంటారు. బాలింతల్లో కాన్పయిన మొదటి వారాల్లో ఈ లక్షణాలు కనిపిస్తే తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయమే. సకాలంలో మందులు పడితే చాలామంది రోజుల్లో నిద్రపోతారు, వారాల్లో కుదుటపడతారు. జీవితాంతం గోడల మధ్య ఉంచాల్సిన అవసరం అత్యధికులకు లేదు.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. ఉన్నట్టుండి తిక్కగా మాట్లాడేవారందరూ మానసిక రోగులు కారు. మెదడుకు సోకిన జ్వరం, తలకు దెబ్బ, రక్తంలో చక్కెర పడిపోవడం, ఉప్పు శాతం తగ్గడం, మద్యం హఠాత్తుగా మానడం వంటి కారణాలతోనూ మనిషి మాట తడబడుతుంది, లేనివి కనిపిస్తాయి. అరవై దాటిన వృద్ధుల్లో, జ్వరంతో ఉన్నవారిలో ఇది మరీ సాధారణం. ఇటువంటి వారిని గాలి సోకిందని రెండు రోజులు తిప్పితే ప్రాణమే పోవచ్చు. అందుకే మొదటి గంటల్లో ఒక ఎంబీబీఎస్ వైద్యుడు చూడటం, జ్వరం, బీపీ, షుగరు పరీక్షించడం అత్యవసరం. ఆ పని ఎర్రగడ్డ చేయవలసింది కాదు, మండలంలో జరగవలసింది.

చట్టంలో ఉన్నది ఏమిటి

2017లో పార్లమెంటు ఆమోదించిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రతి పౌరుడికీ మానసిక వైద్యం పొందే హక్కు ఉందని అందులోని 18వ సెక్షను చెబుతోంది. వైద్యం కోసం ఎవరూ దూర ప్రయాణం చేయాల్సిన అవసరం రాకూడదని, నివాసానికి సమీపంలోనే సేవలు ఉండాలని అదే సెక్షను నిర్దేశిస్తోంది. జిల్లాలో కనీస ప్రభుత్వ సేవలు లేకపోతే అదే జిల్లాలోని మరో వైద్యశాలలో చికిత్స పొందవచ్చు. ఆ ఖర్చును ప్రభుత్వమే భరించాలి. ఈ ఒక్క నిబంధన గురించి ఊరూరా దండోరా వేయిస్తే అప్పుల పాలయ్యే కుటుంబాలు కొన్నయినా తగ్గుతాయి.

94వ సెక్షను మరింత కీలకమైనది. రోగి ప్రాణానికి గానీ, ఇతరులకు గానీ, ఆస్తికి గానీ తీవ్ర హాని తప్పదనుకున్నప్పుడు ఏ రిజిస్టర్డ్ వైద్యుడైనా ఆసుపత్రిలోనే కాక ఇంటి వద్దనైనా 72 గంటల వరకు అత్యవసర చికిత్స అందించవచ్చు. రోగి తరఫున నామినీ అందుబాటులో ఉంటే ఆ వ్యక్తి సమ్మతి తీసుకోవాలి. సమీప మానసిక వైద్యశాలకు తరలించే ఏర్పాటు కూడా ఈ చికిత్సలో భాగమే. అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని వైద్యుడు ‘ఇది మా పరిధి కాదు, హైదరాబాద్ పొండి’ అని చీటీ రాసి పంపించడం చట్టం ఊహించిన పద్ధతి కానే కాదు. ప్రభుత్వ వైద్యులందరికీ ప్రాథమిక, అత్యవసర మానసిక వైద్యంలో శిక్షణ ఇవ్వాలని 31వ సెక్షను ప్రభుత్వాన్ని ఆదేశిస్తోంది.

పోలీసుల బాధ్యతనూ చట్టం స్పష్టంగా రాసింది. రోడ్ల వెంట తిరిగే మానసిక రోగులను ఠాణా అధికారి రక్షణలోకి తీసుకుని, 24 గంటల్లోగా సమీప ప్రభుత్వ వైద్యశాలకు చేర్చాలి. లాకప్‌లో ఉంచరాదు. విజయవాడ జాతీయ రహదారి పక్కన చింపిరి జుట్టుతో, చిరిగిన బట్టలతో నడిచిపోయేవారు కోదాడ ప్రాంత వాసులకు కొత్త కాదు. వారెవరో, ఏ భాష మాట్లాడతారో అడిగేవారు ఉండరు. ఒక ఊరివారు తరిమితే మరో ఊరికి చేరతారు. మతిస్థిమితం లేని స్త్రీలు ఇలా రోడ్డున పడితే ఎంతటి ఘోరాలు జరుగుతాయో వేరే చెప్పనక్కర లేదు.

రెండు వందల కిలోమీటర్ల దారి

అనంతగిరి నుంచి కోదాడ దగ్గరే. ఆటోలో వెళ్లిరావచ్చు. కోదాడ నుంచి సూర్యాపేట మరో నలభై అయిదు కిలోమీటర్లు. అక్కడి నుంచి హైదరాబాద్ ఇంకా నూట ముప్పయి పైమాటే. నగరం దాటి ఎర్రగడ్డ చేరేసరికి దూరం రెండు వందల కిలోమీటర్లకు చేరువవుతుంది. కేకలు వేసే, కారు తలుపు తీసి దూకబోయే మనిషిని బస్సులో తీసుకెళ్లడం అసాధ్యం. అద్దె కారు మాట్లాడుకోవాలి. పట్టుకోవడానికి ఇద్దరు మగవారు, రోగి స్త్రీ అయితే మరో స్త్రీ వెంట ఉండాలి. నలుగురి కూలీ పోతుంది. నాట్ల కాలంలోనో, మిర్చి కోతల్లోనో రోగం ముదిరితే తోడు వచ్చేవారే దొరకరు. కారు అద్దె, తిండి ఖర్చు కలిపితే ఒక చిన్న రైతు ఇంటికి అది మరో అప్పు.

అంత దూరం వెళ్లినా కథ అక్కడితో ముగియదు. కొద్ది రోజులకో, కొన్ని వారాలకో రోగి శాంతించి ఇంటికి వస్తాడు. చేతిలో కొన్నాళ్లకు సరిపడా మాత్రలు ఉంటాయి. అవి అయిపోయాక మళ్లీ అదే దూరం. ‘బాగానే ఉన్నాడు కదా’ అని మాత్రలు మానేస్తారు. నిద్ర ఎక్కువవుతోందని, ఒళ్లు వస్తోందని, చేతులు వణుకుతున్నాయని రోగే స్వయంగా పారేయడమూ ఉంది. ఆ దుష్ప్రభావాలు నిజమైనవే. మోతాదు మార్చి సరిచేయగలిగే వైద్యుడు దగ్గర్లో ఉంటే ఆ మాత్రలు చెత్తకుప్పలో పడవు. మందు ఆగిన కొద్ది నెలల్లో రోగం తిరగబెడుతుంది. మళ్లీ కారు, మళ్లీ అప్పు.

2015-16లో నిమ్హాన్స్ పన్నెండు రాష్ట్రాల్లో నిర్వహించిన జాతీయ సర్వేలో పెద్దల్లో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని, రోగాన్ని బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని వెల్లడైంది. ఆ పన్నెండింటిలో తెలంగాణ లేదు, ఆంధ్రప్రదేశ్ లేదు. మన పల్లెల లెక్క మనకు తెలియకుండానే ప్రణాళికలు తయారవుతున్నాయన్నమాట.

పురుగుమందు తాగినవారి సంగతి మరో కోణం. వారిని కోదాడకో ఖమ్మానికో పరుగున చేరుస్తారు. కడుపు కడుగుతారు, ప్రాణం నిలుపుతారు. ఇంటికి పంపేటప్పుడు మాత్రం ఎందుకు తాగావని అడిగే మానసిక వైద్యుడు చాలాచోట్ల ఉండడు. ఆత్మహత్యకు యత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలని, శిక్షించరాదని, ప్రభుత్వమే సంరక్షణ, చికిత్స, పునరావాసం కల్పించాలని 115వ సెక్షను చెబుతోంది. పల్లెలో ఆ కుటుంబం నేటికీ మొదట భయపడేది కేసుకే.

కల్లు నేర్పిన పాఠం

తీవ్ర మానసిక చికిత్సను జిల్లాల్లో అందించడం సాధ్యమేనా అని సందేహించేవారు 2015ను గుర్తు చేసుకోవాలి. ఆ ఏడాది సెప్టెంబరులో కల్తీ కల్లుపై ఎక్సైజ్ దాడులు ముమ్మరం కావడంతో నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెల్లో జనం వింతగా ప్రవర్తించసాగారు. అల్ప్రాజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్లుకు ఏళ్ల తరబడి అలవాటు పడిన శరీరాలకు అది ఒక్కరోజులో ఆగిపోయింది. నిద్ర పట్టక, మూర్ఛలు వచ్చి, మాట తప్పి ఆసుపత్రులకు క్యూ కట్టారు. కొందరు ప్రాణాలూ కోల్పోయారు. అంతమందినీ ఎర్రగడ్డకు పంపడం కుదరదు. జిల్లా, ఏరియా ఆసుపత్రుల్లోనే పడకలు వేసి చూడవలసి వచ్చింది. 2020 మార్చి చివర లాక్‌డౌన్‌లో మద్యం, కల్లు దుకాణాలు మూతపడినప్పుడు ఎర్రగడ్డ ఓపీకి అదే రద్దీ మళ్లీ పోటెత్తింది.

ముప్పు ముంచుకొచ్చినప్పుడు సాధారణ వైద్యులు, నర్సులే మానసిక అత్యవసరాలను ఎదుర్కోగలరని ఆ రోజులు చాటాయి. ముప్పు తొలగగానే ఆ అనుభవాన్ని అటకెక్కించారు. వారికి శిక్షణ కొనసాగించి, వార్డులో ఆ నాలుగు పడకలు అలాగే ఉంచి ఉంటే నేడు కథ వేరుగా ఉండేది.

బరువు మోసేది ఎవరు

‘సమాజం చూసుకుంటుంది’ అనే మాట వినడానికి బాగుంటుంది. పల్లెలో సమాజం అంటే ఆచరణలో ఒక తల్లి, ఒక భార్య, లేదా పెళ్లి కాని ఒక చెల్లెలు. రాత్రంతా మేలుకుని కాపలా కాసేది, దెబ్బలు తినేది, మాత్రను అన్నంలో కలిపి పెట్టేది ఆమే. రోగి కోడలైతే తంతు మరోలా ఉంటుంది. మొదట పుట్టింటికి పంపుతారు, తరువాత పంచాయితీ పెడతారు. తల్లిదండ్రులు గతించాక ఆమె పరిస్థితి ఏమిటన్నది ఎవరూ మాట్లాడరు. దేశంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో ఉన్నవారిలో మూడింట ఒక వంతుకు మించి ఏడాదికి పైగా అక్కడే మగ్గుతున్నారని 2018 నాటి ఒక జాతీయ అధ్యయనం తేల్చింది. నయమైనా తీసుకెళ్లేవారు రాకపోవడం అందుకు పెద్ద కారణం. ఒకవైపు తీవ్ర దశలో ఉన్నవారికి పడక దొరకదు, మరోవైపు నయమైనవారు పడక వదలలేరు.

భరించే శక్తి నశించినప్పుడు కుటుంబం గొలుసును ఆశ్రయిస్తుంది. దాన్ని క్రౌర్యం అనేయడం తేలిక. పొలం పనికి పోకపోతే పొయ్యి వెలగని ఇంట్లో కాపలా ఉండే మనిషి లేకనే చాలాచోట్ల ఆ గొలుసు పడుతోంది. చట్టం గొలుసును పూర్తిగా నిషేధించింది. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున పాకకు నిప్పంటుకుంటే గొలుసులతో కట్టి ఉన్నవారు తప్పించుకోలేక 28 మంది కాలిపోయారు. దేశం ఉలిక్కిపడింది. గొలుసు విప్పమని చెప్పడం అవసరమే. విప్పిన మరుక్షణం ఆ ఇంటికి ఎవరు వస్తారో కూడా చెప్పగలగాలి.

విదేశాల్లోనూ ఈ తడబాటు జరిగింది. అమెరికాలో 1955 నాటికి అయిదున్నర లక్షల మందికి పైగా ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో ఉండేవారు. వైద్యాన్ని జనం మధ్యకు తెస్తామని 1963లో అధ్యక్షుడు కెనడీ చట్టం చేశారు. ఆసుపత్రులు ఖాళీ అయ్యాయి. వాటి స్థానంలో రావలసిన కేంద్రాల్లో దాదాపు సగం నిర్మాణానికే నోచుకోలేదు. ఫలితంగా వేలాది రోగులు ఫుట్‌పాత్‌ల మీద, జైళ్లలో తేలారు. ఇటలీ 1978 మే నెలలో 180వ నంబరు చట్టంతో మానసిక వైద్యశాలల తలుపులు మూయించింది. ఫ్రాంకో బసాలియా అనే వైద్యుడు ట్రియెస్టే నగరంలో ముందే దారి చూపాడు. అక్కడ పాత ఆసుపత్రికి బదులు పేటపేటకూ పగలూ రాత్రీ తెరిచి ఉండే కేంద్రాలు, వాటిలో కొద్ది పడకలు వచ్చాయి. సాధారణ ఆసుపత్రుల్లో పదిహేనుకు మించని పడకలతో మానసిక వార్డులు తెరిచారు. దేశమంతటా పాత వైద్యశాలలు మూతపడటానికి ఇరవై ఏళ్లు పట్టింది. బ్రిటన్‌లో 2000 నాటి ప్రణాళికతో నర్సులు, వైద్యుల బృందాలు తీవ్ర దశలో ఉన్న రోగి ఇంటికే రోజుకు రెండుమూడు సార్లు వెళ్లి మందులిచ్చే పద్ధతి విస్తరించింది.

అంతటి సిబ్బంది మనకెక్కడిదన్న ప్రశ్న సహజం. దేశంలో లక్ష జనాభాకు ఒక్క మానసిక వైద్యుడైనా లేడు, సగటు 0.75 మాత్రమే. అయితే మన దగ్గర మరో వనరు ఉంది. 1950ల్లో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలోనే డేరాలు వేయించి రోగి వెంట కుటుంబ సభ్యులనూ ఉండనిచ్చారు. రోగం గురించి వారికి నేర్పారు. రోగులు త్వరగా కోలుకున్నారు, ఇంటివారు వదిలిపోవడం తగ్గింది. కుటుంబాన్ని కాపలాదారుగా వాడుకోవడం వేరు, చేయి పట్టి నేర్పడం వేరు.

దగ్గరలోనే ఉన్న దారులు

గోవా, మహారాష్ట్రలోని సతారా, తమిళనాడులో స్కిజోఫ్రీనియా రోగులు 282 మందిపై జరిగిన పరిశోధన ఫలితాలు 2014లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చాయి. శిక్షణ పొందిన స్థానిక కార్యకర్తలు ఇళ్లకు వెళ్లి చూసిన రోగుల్లో, ఆసుపత్రి వైద్యం మాత్రమే పొందినవారి కంటే లక్షణాలు, అశక్తత కొంత ఎక్కువగా తగ్గాయి. అద్భుతమేమీ జరగలేదు, మేలు మాత్రం జరిగింది. ఆ కార్యకర్తల వెనుక మానసిక వైద్యులు ఉన్నారన్న సంగతి మరువరాదు. పశ్చిమ గోదావరి జిల్లాలో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లిచ్చి కుంగుబాటు, ఆందోళనతో ఉన్నవారిని గుర్తించి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపే ప్రయత్నం కూడా గత దశాబ్దంలో జరిగింది. గోదావరి పల్లెలో ఆశా చేయగలిగిన పని అనంతగిరిలో ఆశా చేయలేకపోవడానికి కారణం లేదు. కాకుంటే అదనపు పనికి అదనపు పారితోషికం ఇవ్వాలి. ఇప్పటికే తలకు మించిన రిజిస్టర్లు మోస్తున్న ఆమె నెత్తిన ఇంకొకటి పెడితే ఫలితం అంకెల్లోనే కనిపిస్తుంది.

సూర్యాపేటలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. 2023లో ఖమ్మంలోనూ వచ్చింది. వైద్య కళాశాల నిబంధనల ప్రకారం మానసిక వైద్య విభాగం, దానికి పడకలు తప్పనిసరి. రాష్ట్రంలోని ప్రతి జిల్లాకూ కళాశాల వచ్చిన ఈ రోజుల్లో ఎర్రగడ్డ ఒక్కటే గతి అనడానికి వీల్లేదు. అనంతగిరి వాసులకు సూర్యాపేట కన్నా ఖమ్మం దగ్గర. జిల్లా సరిహద్దు పేరుతో రోగిని అటూ ఇటూ తిప్పకుండా ఏది దగ్గరైతే అక్కడ చేర్చుకునే వెసులుబాటు ఉండాలి. రాత్రి విధుల్లో మానసిక వైద్యుడు గానీ, ఫోనులో సలహా పొందగల శిక్షణ ఉన్న డ్యూటీ డాక్టరు గానీ ఉంటే తీవ్ర దశలోని రోగిని వారం, పది రోజుల్లో గట్టెక్కించి పంపవచ్చు. నెలకోసారి వేసే దీర్ఘకాల సూది మందును ఆ తరువాత ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే నర్సు వేయగలదు. మాత్ర మింగనని మొండికేసే రోగులున్న ఇళ్లకు ఆ సూది పెద్ద ఊరట.

నమ్మకాలను ఎగతాళి చేయడం వల్ల ఒరిగేది లేదు. పాలకీడు మండలం జాన్‌పహాడ్ దర్గాకు మతాలకు అతీతంగా ఈ ప్రాంత ప్రజలు మొక్కులు తీర్చుకోవడానికి వెళతారు. మనసు బాగాలేని వారినీ తీసుకెళ్లేవారున్నారు. గుజరాత్‌లోని ఉనావాలో మీరా దాతార్ దర్గా వద్ద 2008 నుంచి ‘దవా, దువా’ పేరుతో మానసిక వైద్యులను కూర్చోబెట్టారు. ప్రార్థన చేసేవారే భక్తులను పక్కనున్న వైద్యుడి వద్దకు పంపుతారు. మొక్కు మొక్కే, మందు మందే అన్నది మన పెద్దలకు తెలియని విషయం కాదు. జాన్‌పహాడ్ ఉర్సు రోజుల్లో వైద్య శిబిరాల్లో ఒక మానసిక వైద్యుడిని కూర్చోబెట్టడానికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు.

టెలిమానస్ 2022 అక్టోబరు 10న మొదలైంది. 14416కు ఏ వేళ ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు, రుసుము లేదు. కుంగుబాటులో ఉన్నవారికి, ఏం చేయాలో తోచని కుటుంబాలకు అది ఉపయోగకరమే. అర్ధరాత్రి కాలువ గట్టు మీద పరుగెడుతున్న మనిషిని మాత్రం ఫోను పట్టుకోలేదు. ఆ ఫోను ఎత్తినవారు మండలంలోని వైద్యుడికి, 108కు సమాచారం చేర్చగలిగే ఏర్పాటు ఉన్నప్పుడే అది అత్యవసర సేవ అవుతుంది.

2028 మే నాటికి..

అంతర్జాతీయ ప్రమాణాల మేరకు మానసిక వైద్య సిబ్బంది సంఖ్యను పదేళ్లలో చేరుకునేందుకు ప్రభుత్వాలు కృషి చేయాలని అదే 31వ సెక్షను గడువు పెట్టింది. 2018 మే నుంచి లెక్కిస్తే ఆ గడువు 2028 మేతో ముగుస్తుంది. అంతలోగా లక్షకు ముగ్గురు మానసిక వైద్యులు వస్తారని ఆశించడం అత్యాశే. చిన్న పనులు మాత్రం అసాధ్యం కావు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యులకు, స్టాఫ్ నర్సులకు తీవ్ర దశను ఎదుర్కోవడంలో శిక్షణ, ఆ శిక్షణ పొందినవారిని వెంటనే బదిలీ చేయకపోవడం, కోదాడ ఆసుపత్రికి నిర్ణీత రోజున మానసిక వైద్యుడి రాక, మందుల సరఫరాలో నెల కూడా విరామం లేకపోవడం జిల్లా యంత్రాంగం పరిధిలోని విషయాలే. 108 సిబ్బందికి ఉద్రేకంలో ఉన్న రోగిని గాయపరచకుండా తరలించే మెలకువలు నేర్పాలి. దీర్ఘకాలిక మానసిక రోగాన్ని 2016 వికలాంగుల హక్కుల చట్టం వైకల్యంగా గుర్తించింది. 2023లో రూ.4,016కు పెంచిన పింఛను అటువంటి వారికీ వర్తిస్తుంది. వైకల్య ధ్రువపత్రం కోసం రోజంతా వరుసలో నిలబడలేక ఎందరో దరఖాస్తే చేయడం లేదు. వారి కోసం శిబిరంలో ప్రత్యేక సమయం కేటాయించాలి.

అన్నిటికన్నా ముందు జిల్లా వైద్యారోగ్య శాఖ మూడు వివరాలు బయటపెట్టాలి. సూర్యాపేట బోధనాసుపత్రిలో తీవ్ర దశలోని మానసిక రోగులకు కేటాయించిన పడకలు ఎన్ని, రాత్రివేళ అక్కడ చూసేది ఎవరు, కోదాడలో మానసిక వైద్యుడు కూర్చునే రోజు ఏది? వీటిని అనంతగిరి, శాంతినగర్, గోండ్రియాల వంటి గ్రామాల పంచాయతీ కార్యాలయాల గోడల మీద, పల్లె దవాఖానల తలుపుల పక్కన, కింద ఒక ఫోను నంబరుతో సహా పెద్ద అక్షరాలతో రాయించాలి.